తెలియక, తెలిసీ, తెలిసి చేయిస్తే: ఫార్మసిస్టు మొదటి ఉద్యోగం ఎప్పుడు వదలాలి

ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫార్మసీలో చేరిన అమ్మాయి పోయిన నెల మా ఇంటికొచ్చింది. బీఫార్మసీ అయి ఏడాది, ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. "అక్కా, ఇడిసిపెట్టాలని ఉండాది. నాయనేమో యాడాదన్నా ఉండు, సర్టిఫికెట్టు వస్తాదంటాడు. నాకు నిద్రలో కూడా బిల్లు కొడతాన్నట్టే ఉంటాది" అంది. ఎందుకు మానాలనుకుంటున్నావని అడిగితే ఒక్కటే మాట. "టెన్షన్ అక్కా."

ఆ ఒక్క మాట కింద ఏమేమి ఉన్నాయో విప్పడానికి ఆ సాయంత్రం మాకు మూడు గంటలు పట్టింది. ఆమెకు చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. ప్రతి ఏడూ రాయలసీమ కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లలు ఇదే ప్రశ్నతో ఎవరో ఒక సీనియర్ దగ్గరికి వెళ్తారు. వాళ్లకు దొరికే జవాబు ఎక్కువగా రెండు రకాలే. ఓర్చుకో, అందరూ పడిందే అని ఒకటి. నచ్చకపోతే మానెయ్, ఉద్యోగాలకేం కరువు అని రెండోది. ఏ ఒత్తిడి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండా చెప్పే ఈ రెండు మాటల వల్లా పిల్లలు నష్టపోవడం నేను చూశాను.

నేను 2014 జూన్‌లో చేరాను. కర్నూలు పెద్దాసుపత్రికి అంత దూరమేమీ లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి, కింద అంతస్తులో దాని ఫార్మసీ. పద్నాలుగు నెలలు చేసి మానేశాను. ఆ పద్నాలుగు నెలల్లో ఒకే పొరపాటు రెండుసార్లు చేశాను. ఆ రెంటి మధ్య తేడా అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు ఎవరైనా మానాలా వద్దా అని అడిగితే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇన్సులిన్ సూది

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నులో వేసే కాట్రిడ్జులు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. 40 సీసాకి 100 సిరంజి ఇచ్చామనుకోండి, పేషెంటు 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లు. డాక్టరు రాసిన 20లో సగం కూడా కాదు. తిరగేసి ఇస్తే ఇంకా ఘోరం. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

చేరిన రెండో నెలలో ఒక పెద్దాయనకు 40 సీసా ఇచ్చి, పక్కన నారింజ మూత సిరంజిలు పెట్టాను. మా కౌంటర్లో ఇరవై ఏళ్ల నుంచి పనిచేస్తున్న కాంపౌండర్ ఒకాయన పక్క నుంచి చూసి, "మ్మా, ఆ సూది కాదు. సీసా మీద 40 అని ఉండాది సూడు, ఎర్రమూతది ఇయ్యల్ల" అన్నాడు. సిరంజిల్లో రెండు రకాలున్నాయని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ర్యాక్‌లో అవి రెండూ ఒకే అట్టపెట్టెలో పక్కపక్కనే ఉంటాయని, కస్టమర్ "సూదులు పది" అని మాత్రమే అడుగుతాడని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రాత్రి ఏడ్చాను. అమ్మకి ఫోన్ చేసి వచ్చేస్తానన్నాను.

పదకొండో నెలలో మళ్లీ అదే చేశాను. ఈసారి నాకు అంతా తెలుసు. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకు మూతల రంగులు నేర్పింది నేనే. కానీ అది వరసగా తొమ్మిదో రోజు డ్యూటీ. ఉదయం తొమ్మిదికి ఎక్కితే రాత్రి తొమ్మిది దాటింది. వార్డుల నుంచి మందుల ఇండెంట్లు వస్తూనే ఉన్నాయి, కౌంటర్ ముందు జనం, పక్కన ఎవరూ లేరు. బిల్లు కొట్టి, కవర్ ఇచ్చేసి, తర్వాతి చీటీ అందుకున్నాక నా చేతి కింద ఎర్రమూతల పెట్టె కదలకుండా ఉందని చూశాను. అటెండర్‌ని పరుగెత్తించాను. వాళ్లు గేటు బయట ఆటో ఎక్కుతుంటే దొరికారు.

మొదటిది తెలియక చేసిన తప్పు. రెండోది తెలిసీ చెయ్యి తప్పింది. మొదటిసారి వచ్చిన భయం నాకు పని నేర్పింది. రెండోసారి వచ్చిన భయం ఏమీ నేర్పలేదు, నేర్చుకోవడానికి అందులో కొత్తది ఏమీ లేదు. అయినా బయటికి రెండూ ఒకటే "టెన్షన్".

తెలియనితనం తెచ్చే ఒత్తిడి

మొదటి ఆరు నెలల ఒత్తిడిలో చాలా భాగం ఈ మొదటి రకమే. డీఫార్మసీ వాళ్లకు కోర్సులో భాగంగా కనీసం 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంటుంది, ఫార్మ్‌డీ వాళ్లకు ఆరో ఏడు మొత్తం ఇంటర్న్‌షిప్పే. నాలాంటి బీఫార్మసీ వాళ్లం మాత్రం ఎక్కువగా ల్యాబులో మాత్రలు ఒత్తి, వాటిని కరిగించి లెక్కలు కట్టి నేరుగా కౌంటర్ ఎక్కుతాం. అక్కడ మందు పేరుతో ఎవరూ అడగరు, బ్రాండు పేరుతో అడుగుతారు. చీటీ మీద డాక్టరు రాత ఒక భాష, పేషెంటు మాట ఇంకో భాష. కర్నూలు కౌంటర్‌కి ఆలంపురం, గద్వాల నుంచి వస్తారు, రాయచూరు వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్లొస్తారు, ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు సరేసరి. "పరగడుపున" అన్న ఒక్క మాట మూడు భాషల్లో చెప్పడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలసపోయే కూలీలుంటారు. పోయే ముందు వచ్చి, "మూడు నెలలకి బీపీ బిళ్లలు కట్టియ్యమ్మా" అంటారు. ఎండలో మాత్రలు ఎక్కడ దాచుకోవాలి, ఒక పూట మరిచిపోతే రెండు కలిపి వేసుకోకూడదు, మిరప చేలో తల తిరిగితే ఏం చేయాలి, ఇవన్నీ రెండు నిమిషాల్లో చెప్పాలి. చెప్పగలిగిన రోజు ఈ ఉద్యోగం ఎందుకు చదువుకున్నామో అర్థమవుతుంది. ఆ రోజు రాకుండానే మూడో నెలలో మానేసిన వాళ్లు ఫార్మసీ వృత్తే తమకు పనికిరాదని అనుకుని వెళ్లిపోతారు. నాకు బాధ కలిగించేది అదే.

ఈ రకం ఒత్తిడికి గుర్తు అది తగ్గుతుండటమే. చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని, ఈ రోజు ఎన్నిసార్లు ఇంకొకరిని అడగాల్సి వచ్చిందో రాసుకోండి. నా పుస్తకంలో మొదటి నెల రోజుకు ముప్పై దాటేది, అయిదో నెలకి నాలుగైదుకి దిగింది. అంకె దిగుతుంటే ఉండండి, ఎంత ఏడుపొచ్చినా సరే. అంకె దిగకపోతే మీ తెలివిని అనుమానించే ముందు అక్కడ అడగడానికి ఎవరైనా ఉన్నారా అని చూడండి. సీనియర్ అనేవాడే లేని షాపులో కొత్త పిల్లని ఒంటరిగా కూర్చోబెడితే ఆరు నెలలు కాదు, రెండేళ్లయినా భయం పోదు. మొదటి ఉద్యోగానికి జీతం కన్నా ముందు చూడాల్సింది పక్కన నిలబడే మనిషిని. నాకు ఆ కాంపౌండర్ దొరకడం అదృష్టం. ఆయనకు పట్టా లేదు, చట్టం ప్రకారం ఆయన నా పర్యవేక్షణలో పనిచేయాలి. నిజానికి నన్ను తయారుచేసింది ఆయనే.

పని గంటలు తెచ్చే ఒత్తిడి

రెండో రకం అలా తగ్గదు. పని వచ్చేకొద్దీ మీ మీద ఇంకా ఎక్కువ పని పడుతుంది కాబట్టి పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నౌట్‌కి నిర్వచనం ఇచ్చింది. దాన్ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా చెప్పింది. అదుపు చేయని పని ఒత్తిడి ఎడతెగకుండా సాగితే మూడు లక్షణాలు కనిపిస్తాయని దాని సారాంశం. ఒంట్లో సత్తువ ఖాళీ అయిపోవడం, పని మీద ఎడం లేదా విరక్తి కలగడం, చేసే పనిలో పట్టు తగ్గడం. జబ్బు కాదని చెప్పడంలో మనకు పనికొచ్చే విషయం ఉంది. జబ్బయితే మందు మీరు వేసుకోవాలి. పని పరిస్థితి అయితే మార్చాల్సింది పనిని.

కౌంటర్ వెనక ఈ మూడూ ఎలా కనిపిస్తాయో నాకు తెలుసు. సెలవు రోజు పొద్దంతా పడుకున్నా లేచాక అలసట పోలేదు. పేషెంటు మొహం చూడకుండా చీటీ మాత్రమే చూస్తున్నాను. స్ట్రిప్ తీసి చీటీతో రెండోసారి పోల్చుకునే అలవాటు ఉండేది, అది ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఈ మూడోది అన్నిటికన్నా ప్రమాదం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ అని కవర్ మీద రాస్తే ఎముక మూలుగ దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. ఇలాంటి మరణాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఆ తప్పును ఆపే ఆఖరి మనిషి ఫార్మసిస్టే. పదమూడో గంటలో ఆ మనిషికి ఆ ఆపే శక్తి ఉండదు.

ఈ రకం ఒత్తిడికి వెంటనే మానేయమని చెప్పను. ముందు అడిగి చూడమంటాను. అడగటమంటే నిట్టూర్చడం కాదు, తోటివాళ్లతో చెప్పుకోవడం కాదు. యజమానికో మేనేజర్‌కో కాగితం మీద రాసి ఇవ్వడం. వారానికి ఒక రోజు సెలవు, రాత్రి డ్యూటీలో రెండో మనిషి, ఇన్సులిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులకు ఇద్దరు చూసే పద్ధతి, భోజనానికి అరగంట. షాపుల చట్టం ప్రకారం వారానికి 48 గంటలే కొలమానం. దాటితే అదనపు వేతనం రెట్టింపు. మీ వారం గంటలు కూడి చూసుకుని, ఆ అంకె కూడా కాగితంలో రాయండి. అంకె చూసి తగ్గే యజమానులు ఉన్నారు, నేను చూశాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఇవ్వని వాళ్లే చాలామంది.

కుర్చీ గురించి కూడా ఒక మాట. పన్నెండు గంటలు నిలబడే పనిలో కూర్చోవడం ఒక హక్కు అని కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాల్లో చేర్చాయి. మన దగ్గర కౌంటర్ వెనక కుర్చీ వేస్తే కస్టమర్‌కి మర్యాద తక్కువవుతుందనుకునే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. నా మోకాళ్లు ఆ పద్నాలుగు నెలలను ఇంకా మరిచిపోలేదు. ఆ కాగితంలో కుర్చీ కూడా రాయండి.

కాగితం ఇచ్చాక ఒక నెల చూడండి. అడిగినవాటిలో సగం జరిగినా అది మాట వినే చోటు, ఇంకో ఆరు నెలలు ఇవ్వొచ్చు. ఏమీ జరగకపోతే, లేదా అడిగినందుకే రాత్రి డ్యూటీలు పెంచితే, మీకు జవాబు వచ్చేసినట్టే. వేరే ఉద్యోగం వెతుక్కుని, చేతిలో మూడు నెలల ఖర్చు పెట్టుకుని, తీరిగ్గా మానండి. ఈ రకంలో తొందర అక్కర్లేదు, కానీ గడువు పెట్టుకోవాలి.

ఒక్క మినహాయింపు ఉంది. నిద్ర పూర్తిగా పోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ నెల గడువు మీకు వర్తించదు. ఇంట్లో చెప్పండి, డాక్టర్ని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

జీతం గురించి పెద్దగా రాయను. మొదటి జీతం తక్కువే ఉంటుంది, అదొక్కటే కారణమైతే ఏడాది ఉండి వేరే చోట పెంచుకోవచ్చు. స్టాక్ తగ్గిందని, ఎక్స్‌పైరీ అయ్యాయని జీతంలోంచి కోతలు పెడుతుంటే మాత్రం అది జీతం సమస్య కాదు. ఆ యజమాని తన నష్టాన్ని మీ మీద వేయడానికి అలవాటు పడ్డాడు.

మీ రిజిస్ట్రేషన్ నంబరుతో చేయించే తప్పు

మూడో రకం ఒత్తిడి గురించి ఎవరూ బయట మాట్లాడరు. ఇది తెలియక చేసింది కాదు, చెయ్యి తప్పింది కాదు. తెలిసి, మీ చేత చేయించేది.

నేను చేరడానికి మూడు నెలల ముందు, 2014 మార్చి 1న, షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లోకి వచ్చింది. మూడు, నాలుగో తరం యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, ఆల్ప్రజోలం, ట్రమడాల్ లాంటి అలవాటు పడే మందులు మొత్తం 46 అప్పుడు అందులో చేర్చారు. వీటిని అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. యాంటీబయాటిక్‌లు పప్పు బెల్లాల్లా అమ్మి, రేపు నిజంగా అవసరమైన రోజు అవి పనిచేయని స్థితి రాకూడదనే ఆ నియమం తెచ్చారు.

మా దగ్గర ఆ రిజిస్టర్ నెలాఖరున రాసేవాళ్లం. చీటీ లేకుండా పోయిన స్ట్రిప్పులు స్టాక్‌లో ఎన్ని తగ్గాయో చూసి, అన్ని పేర్లు కల్పించి నింపాలి. "తెలిసినోళ్లే కదమ్మా, ఏదో ఒక డాక్టరు పేరు రాసెయ్" అనేవాళ్లు. రెండు నెలలు నేనూ రాశాను. కల్లూరులో లేని వీధుల్లో లేని మనుషులకు ట్రమడాల్ ఇచ్చినట్టు రాశాను. కింద సంతకం నాది. ఇప్పుడు కూడా ఆ పేజీలు కళ్లకు కడతాయి. ఆ మందు నిజంగా ఎవరి చేతికి పోయింది, వాళ్లేమయ్యారు, నాకు తెలియదు.

ఇంకో రకం ఒత్తిడి మార్జిన్ కోసం. డాక్టరు ఒక బ్రాండు రాస్తే లాభం ఎక్కువుండే ఇంకో బ్రాండు ఇమ్మంటారు. డ్రగ్స్ రూల్స్‌లో రూల్ 65 దీని మీద చాలా స్పష్టంగా ఉంది. డాక్టరు రాస్తేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులున్న చీటీకి, అదే మందున్నదైనా సరే, రాసినదానికి బదులు వేరేది ఇవ్వకూడదు. అదే రూల్ ప్రకారం చీటీ మీద మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదా ఆయన స్వయంగా పర్యవేక్షిస్తుంటే ఇవ్వాలి. 1948 ఫార్మసీ చట్టం సెక్షన్ 42 చెప్పేదీ అదే. ఫార్మసిస్టు ఊళ్లో లేనప్పుడు ఆయన పేరు మీద బిల్లులు కొట్టే షాపులో, ఆ ఫార్మసిస్టు మీరే అయితే, రోజూ ఒక నేరం మీ తరఫున జరుగుతోంది.

1984లో ఆండ్రూ జేమిటన్ అనే తత్వవేత్త నర్సుల గురించి రాస్తూ ఒక వేదనకు మోరల్ డిస్ట్రెస్ (నైతిక వేదన) అని పేరు పెట్టాడు. ఏది సరైనదో తెలుసు, కానీ పనిచేసే సంస్థ దాన్ని చేయనివ్వదు. అలా నలిగిపోవడమే ఆ వేదన. అలసట నుంచి ఇది వేరు. అలసట నిద్రతో పోతుంది, ఇది పోదు. నా పదమూడో నెలలో పని తగ్గింది, వారం సెలవు కూడా మొదలైంది. నేను రాసిచ్చిన కాగితం ఫలించింది. అయినా నెలాఖరు దగ్గర పడుతుంటే కడుపులో తిప్పేది. అప్పుడు తెలిసింది నాకు గంటల బాధ కాదని, రిజిస్టర్ బాధని.

ఈ రకానికి ఆరు నెలలు, ఏడాది అన్న లెక్క లేదు. ఒకసారి నోటితో చెప్పండి, "నేను చీటీ లేనిదానికి రాయను సార్, నా రిజిస్ట్రేషన్ పోతుంది" అని. అంతటితో ఆగితే మంచిదే, భయంతోనో మొహమాటంతోనో తప్పు చేస్తున్న యజమానులు కొందరు మనం గట్టిగా చెబితే నిజంగానే ఆపుతారు. ఆగకపోతే మొదటి నెల అయినా, మూడో నెల అయినా దిగిపోండి. వేరే ఉద్యోగం దొరికేదాకా ఆగండి అని కూడా అనను. ఎందుకంటే మిగతా రెండు ఒత్తిళ్లలో పోయేది మీ ఆరోగ్యం, మీ కాలం. ఇక్కడ రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే యజమాని లైసెన్సుతో పాటు మీ సంతకం కూడా బల్ల మీదికి వస్తుంది. ఫార్మసీ చట్టం సెక్షన్ 36 కింద ఫార్మసిస్టుల రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అధికారం రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌కి ఉంది. ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటివి మత్తు పదార్థాల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి. నాలుగేళ్ల చదువు, ఇంట్లో వాళ్ల కష్టం, అంతా ఒక్క నంబరు మీద నిలబడి ఉంది.

ఇంట్లో చెప్పే ఏడాది

"యాడాదన్నా ఉండు" అనే నాయన మాటలో తప్పు లేదు. ఆయన చూసిన లోకంలో ఉద్యోగం దొరకడమే కష్టం, నిలబెట్టుకోవడం గొప్ప. ఆ మాటను కొట్టిపారేయకుండా ఆయనకు తేడా వివరించాలి. నేను మా నాయనకు అయిదారుసార్లు అలసట గురించి చెప్పాను, ఒక్కసారీ వినలేదు. సేద్యం చేసినాయనకు పన్నెండు గంటల పని గురించి నేనేం చెప్పగలను? రిజిస్టర్ సంగతి చెప్పిన రోజు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాళ్ల తప్పుకి నీ వేలిముద్ర ఎందుకు పెడ్తావు?" అని అడిగాడు. ఆ మర్నాడే రాజీనామా రాశాను.

ఏడాది ఉండకపోతే బయోడేటాలో మచ్చ అని భయపడతారు. మందుల షాపు నడవాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండి తీరాలని చట్టమే చెబుతోంది కాబట్టి మన పనికి గిరాకీ ఉంటుంది. ఏడు నెలల అనుభవాన్ని ఎవరూ నేరంగా చూడరు. మూడు చోట్ల మూడు నెలల చొప్పున మారితే మాత్రం అడుగుతారు, అడగాలి కూడా. మానిన ప్రతివాళ్లూ వృత్తి వదలాల్సిన పని లేదు. ఎంఫార్మసీకి జీప్యాట్ ప్రవేశ పరీక్ష రాసేవాళ్లకు అనంతపురంలో రిపర్ కాలేజీ, జేఎన్‌టీయూ వాళ్ల ఓటీపీఆర్ఐ దగ్గరే ఉన్నాయి. మందుల దుష్ప్రభావాల నమోదు పనికి ఫార్మ్‌డీ, బీఫార్మసీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు వెళ్తున్నారు. ప్రభుత్వ ఫార్మసిస్టు పోస్టుల నోటిఫికేషన్లకు ఎదురుచూసేవాళ్లున్నారు. నేను మాత్రం ఇంకో ఆసుపత్రి ఫార్మసీలోనే చేరాను, ఇప్పటికీ కౌంటర్ పనే నాకిష్టం.

వెళ్లేటప్పుడు చేయాల్సినవి

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. మామూలు ఉద్యోగంలో రాజీనామా ఇస్తే అయిపోతుంది. ఫార్మసిస్టుకి అలా అవదు. షాపు లైసెన్సులో మీ పేరు ఉంటుంది, గోడ మీద మీ సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. మీరు వెళ్లిపోయాక కూడా అది అలాగే ఉంటే, మీరు లేని చోట మీ పేరు మీద మందులు పోతూనే ఉంటాయి.

రిటైల్ లైసెన్సులు ఫారం 20, 21 షరతుల్లో ఒకటుంది. బాధ్యుడైన ఫార్మసిస్టు మారితే లైసెన్సు ఉన్నవాళ్లు నెలలోపు లైసెన్సింగ్ అధికారికి తెలియజేయాలి. తెలియజేయాల్సింది యజమానే, కానీ ఆయన మీదే వదిలేయకండి. రాజీనామా లేఖలో ఫలానా తేదీ నుంచి ఈ షాపులో ఫార్మసిస్టుగా నా బాధ్యత ముగుస్తుంది, లైసెన్సు నుంచి నా పేరు తొలగించగలరు అని ఒక వాక్యం రాయండి. దాని నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదే విషయం జిల్లాలోని ఔషధ నియంత్రణ కార్యాలయానికి మీరే ఒక లేఖ రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. నేను ఇచ్చినప్పుడు గుమస్తా "మీరెందుకు ఇస్తున్నారు?" అని ఆశ్చర్యపోయాడు. ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదేమో.

రెండోది సరుకు అప్పగింత. హెచ్1 మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులుంటే అవి, ఎక్స్‌పైరీ అయి పక్కన పెట్టినవి, అన్నీ లెక్కపెట్టి, ఆ రోజు నిల్వ ఎంతో కాగితం మీద రాసి, అప్పగించినవాళ్లు, తీసుకున్నవాళ్లు సంతకం పెట్టాలి. హెచ్1 రిజిస్టర్‌లో మీ చివరి నమోదు కింద గీత గీసి తేదీ వేయండి. తర్వాత ఎవరేం రాసుకున్నా అది మీ గీతకు కింద ఉంటుంది.

చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు "సెక్యూరిటీకి" అని తీసుకుని, వెళ్లేటప్పుడు ఇవ్వనివాళ్లున్నారు. చేరే రోజే నకళ్లు మాత్రమే ఇవ్వడం మంచిది. ఇచ్చేసి ఉంటే రాతపూర్వకంగా అడగండి, తేదీ వేయండి, ఆ తర్వాత కార్మిక శాఖకు, అవసరమైతే పోలీసులకు వెళ్లడానికి ఆ కాగితమే ఆధారం. బాండు రాసిన వాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. బాండులన్నీ చెల్లవని కొందరు, కట్టి తీరాలని కొందరు అంటుంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పనిచేయకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. కానీ ఉద్యోగం వదిలాక పక్క వీధిలోని ఇంకో షాపులో చేరకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలబడదు. బాండు కాగితం పట్టుకుని ఒక లాయర్‌కి చూపించండి, దానికయ్యే ఖర్చు భయంతో ఇంకో ఏడాది గడపడం కన్నా తక్కువే.

రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, చివరి నెల జీతం చీటీ తీసుకోండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ నంబరు రాసుకోండి, కొత్త చోటికి బదిలీ అవుతుంది, చిన్న మొత్తమని తీసేసుకోకండి. నోటీసు కాలం ఎంతో నియామక పత్రంలో చూసుకోండి. పత్రమే ఇవ్వకపోతే ఒక నెల ముందు చెప్పడం మర్యాద. మీరు హఠాత్తుగా వెళ్లిపోతే ఆ నెల రోజులు కౌంటర్ ముందు నిలబడే పేషెంటుకి ఫార్మసిస్టు లేకుండా పోతాడు.

నేను మానేసిన నెల తర్వాత మందులు కొనుక్కునేవాళ్లలా అక్కడికి వెళ్లాను. గోడ మీద నా సర్టిఫికెట్ ఉన్నచోట మేకు మాత్రం ఉంది. కాంపౌండర్ నన్ను చూసి, "బాగుండావా మ్మా" అన్నాడు.

ఎమ్మిగనూరు అమ్మాయితో ఆ సాయంత్రం ఆమె టెన్షన్‌ను ఒక్కొక్కటిగా విడదీశాం. బ్రాండ్ల భయం దాదాపు పోయింది. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉండటం, వారం గంటలు కూడితే 70 దాటడం రెండో రకం. ఇంకోటి ఆమె చివర్లో, కాఫీ గ్లాసు కింద పెట్టాక చెప్పింది. రిజిస్టర్ ఆమె చేత కూడా నెలాఖరునే రాయిస్తున్నారు. కాగితం ఇద్దరం కలిసి రాశాం, రిజిస్టర్ మాట విడిగా నోటితో చెప్పమన్నాను.

పోయిన సోమవారం ఫోన్ చేసింది. రాత్రి డ్యూటీకి రెండో మనిషిని వేశారట. రిజిస్టర్ గురించి అడిగితే "చూద్దాం లేమ్మా" అన్నారట. నెలాఖరుకి ఇంకా పది రోజులుంది. రాజీనామా లేఖ రెండు నకళ్లు తీసి బ్యాగులో పెట్టుకోమన్నాను. పెట్టుకున్నానక్కా అంది.